దెబ్బకీ దెబ్బకీ మధ్య

మెట్లెక్కుతుండగానే పిన్ని టీచరు టక్కున ఆగింది. మూడో అంతస్తులో, నీళ్ళ ట్యాంకు పక్కనున్న మ్యూజిక్ గదిలోంచి వస్తున్నది పాటలా లేదు. బూట్లేసుకున్న జనం వరసకట్టి నడుస్తున్నట్టుంది. పచ్చకామెర్లతో నెల్లాళ్ళు మంచం పట్టి, చప్పిడి మెతుకులు తిని తిని నోరు చచ్చి, ఆ పొద్దునే ఆమె మళ్ళీ బడికి వచ్చింది. ఒంట్లో ఓపిక లేకపోయినా మిగిలిన మెట్లు గబగబా ఎక్కి తలుపు తోసింది.

పిల్లలు కర్రలు మింగినట్టు నిటారుగా కూర్చున్నారు. బెంచీల మీద పరిచిన చిన్న కీబోర్డుల మీద చేతులన్నీ ఒకేసారి లేస్తున్నాయి, ఒకేసారి పడుతున్నాయి. స్పీకర్లో రెగే డ్రమ్ము దాని మానాన అది సాగుతోంది. దెబ్బ పడ్డప్పుడల్లా సరిగ్గా దాని నెత్తినే వీళ్ళు నొక్కే స్వరాల కార్డు పడుతోంది. అందరికీ ఎదురుగా ఆమె బావగారు, అంటే ఆ బడి సెక్రటరీ, చెక్క స్కేలుతో బల్ల మీద తాళం కొడుతూ నిలబడి ఉన్నాడు.

"రా మరదలా, రా. నువ్వు మంచమెక్కితే క్లాసు మూలపడుతుందనుకున్నావు కదూ. చూడు, ఎలా దారిలో పెట్టానో," అన్నాడు. మీసం కింద నవ్వు దాగటం లేదు.

"ఏం చేశారు బావా వీళ్ళని?"

"దిద్దాను. ఒక్కళ్ళకీ తాళం లేదమ్మా. డ్రమ్ము కొట్టేశాక తీరిగ్గా వాయిస్తున్నారు, బండి వెళ్ళిపోయాక స్టేషనుకొచ్చినట్టు. జబ్బు మనిషివి కదా, నువ్వు గమనించుకోలేదులే అని నేనే పూనుకున్నా."

పిల్లలు మెచ్చుకోలు కోసం ఆమె మొహంలోకి చూశారు. అందరిలోకీ చిన్నవాడు, బుడంకాయ్ అని పిలిపించుకునేవాడు, "సార్ రోజూ చాక్లెట్లిచ్చారు టీచర్," అన్నాడు మురిసిపోతూ. ఆమెకి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఏది ముందు బయటపడుతుందో తెలియక కిటికీ వైపు తిరిగింది.

ఇంతకీ ఇందులో ఏడవాల్సినంత ఏముందని మీరనొచ్చు. అనకండి. రెగే ఎక్కడో సముద్రం నడుమ ఒక దీవిలో పుట్టింది. నెత్తినెక్కి కూర్చున్నవాళ్ళ ముందు తల వంచకుండా, అలాగని గొంతు చించుకోకుండా, ఊగుతూ పాడుకునే పాట అది. అందులో డ్రమ్ము, దానికింద బరువుగా నడిచే బేసు ఒక పక్క. కార్డులు ఇంకో పక్క. కార్డంటే బ్రహ్మవిద్యేం కాదు, కీబోర్డు మీద మూడు మెట్లు ఒకేసారి నొక్కితే వచ్చే స్వరాల గుత్తి. రెండు మూడు కార్డులు వస్తే చాలు, పిల్లలు పాటంతా వెంట వాయించెయ్యొచ్చు. కాకపోతే ఆ కార్డు పడాల్సింది దెబ్బ మీద కాదు, దెబ్బకీ దెబ్బకీ మధ్యనున్న ఖాళీలో. అదీ కాలిన పెనం మీద వేలు తగిలినట్టు, మోగీ మోగగానే చెయ్యి వెనక్కి రావాలి. ఖాళీలో పడితే పాట ఊగుతుంది. దెబ్బ మీద పడిందా, అది కవాతు. బావగారు నెల్లాళ్ళు కష్టపడి చేసిన నిర్వాకం అదే.

ఆయనకి తాళం తెలియదంటే కళ్ళు పోతాయి. కుర్రతనంలో బ్యాండులో డ్రమ్ము వాయించాడు, ఆ తర్వాత డ్రిల్లు మాస్టరుగా చేశాడు, ఆ పైన ఈ బడి పెట్టాడు. గంటసేపు చప్పట్లు కొట్టమన్నా వెంట్రుకవాసి అటూ ఇటూ కాదు. అంత గట్టి చెయ్యి ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించిన రోజుల్లో కూడా ఆమెకి తారసపడలేదు. కానీ ఏం లాభం, ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నాలుగోది చూపిస్తే అది తోకంటాడు.

ఇక ఆ పిల్లల సంగతి. మార్కులొచ్చే పిల్లలకి సాయంత్రాలు కింద కోచింగు. మిగిలినవాళ్ళు వాళ్ళకి అడ్డం రాకుండా ఉండాలని, పొమ్మనలేక పొగబెట్టినట్టు, మేడమీది మ్యూజిక్ గదికి పంపేవాళ్ళు. ఏ టీచరు నోట విన్నా వీళ్ళకి ఒకటే మాట: అందరికంటే ఆలస్యం. మొదటిరోజు ఆ మాటే పట్టుకుని పిన్ని టీచరు వాళ్ళతో అంది, "ఆలస్యమైతే అయింది. ఈ పాటకి కావాల్సిందే అది. తొందరపడేవాళ్ళు దీన్ని వాయించలేరు." బడిలో తమని పనికొస్తారని ఎవరైనా అనడం ఆ పిల్లలు అప్పుడే విన్నారు. అక్క కొడుకులు ఇక్కడ చదువుకునే రోజుల్లో పిన్నీ పిన్నీ అనేవాళ్ళు కాబట్టి ఆమె బడి మొత్తానికి పిన్ని టీచరయింది గానీ, ఆ గదిలో పిల్లలకి మాత్రం నిజంగానే పిన్ని.

అలాంటి గది మీద ఇప్పుడు బావగారి కన్ను పడింది. ఆ రోజే ఆఫీసులో తేల్చి చెప్పాడు.

"వచ్చే శనివారం తల్లిదండ్రుల సభ. వీళ్ళ ఐటం పెట్టాను. నేను దిద్దినట్టు వాయిస్తే సరే. పదిమందిలో తాళం తప్పి నా పరువు తీశారా, సోమవారం నుంచి అది లెక్కల గది."

"వాళ్ళు తప్పింది మీరు దిద్దాక బావా. అంతకుముందు బాగానే ఉన్నారు."

"చప్పట్లు కొట్టడం రానివాడు కూడా చెప్తాడు ఎవరిది తప్పో."

"మీకు చప్పట్లు కొట్టడం వచ్చు. ఆగడం రాదు."

పక్క కుర్చీలో హాజరు పట్టీలు చూసుకుంటున్న అక్క, అంటే బడి ప్రిన్సిపాలు, తలెత్తకుండానే, "ఊరుకోవే," అంది. పెళ్ళయిన దగ్గర్నుంచి అక్క చెల్లెలికిచ్చిన సలహా అంతా ఆ ఒక్క ముక్కలో ఉంది. మొగుడితో మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఆ ముక్క కూడా ఉండేది కాదు.

నేర్పడం ఒక ఎత్తు, నేర్చినదాన్ని ఊడబెరకడం ఇంకో ఎత్తు. మర్నాడు పిన్ని టీచరు కీబోర్డుల స్విచ్చులన్నీ కట్టేసి పిల్లల్ని లేచి నిలబడమంది. "ఉన్నచోటే నడవండి. కాలు నేలని తాకినప్పుడు నోరు మూసుకోవాలి. కాలు పైకి లేచినప్పుడు 'హా' అనాలి." ఒకళ్ళు ముందు, ఒకళ్ళు వెనక, గదంతా హాహాకారాలు. బుడంకాయ్‌కి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. విచిత్రమేమిటంటే వాడి ఎక్కిళ్ళు మాత్రం సరిగ్గా పడాల్సినచోటే పడుతున్నాయి. నవ్వలేక చచ్చారందరూ.

ఒక్కతే నవ్వలేదు. దర్జీ కూతురు. బడిలో దాన్ని మొండిఘటం అంటారు. క్లాసులో కూర్చున్నంతసేపు క్లాసు బయటా నిలబడి ఉంటుంది, క్షమాపణ చెప్పమంటే చెప్పదు కాబట్టి.

"సార్ అలా కరెక్టన్నారు. మీరు ఇలా కరెక్టంటున్నారు. ఎవరిది కరెక్టు?" అని నిలదీసింది.

"నేను చెప్తే నమ్ముతావా?"

"నమ్మను."

"మంచిపని. కూర్చో. సార్ చెప్పినట్టోసారి, నేను చెప్పినట్టోసారి వాయించు. నీ ఒళ్ళు ఏం చెప్తుందో విను."

మొండిఘటం వాయించింది. దెబ్బ మీద కాసేపు వాయించింది. ఆ తర్వాత కాలు నేలకి తన్నుతూ, కాలు లేచినప్పుడల్లా చెయ్యి వేస్తూ, తడబడుతూ, తిట్టుకుంటూ వాయించింది. గుర్తుకోసం మెట్ల మీద అంటించిన నీలం స్టిక్కర్ల కార్డు, పసుపు స్టిక్కర్ల కార్డు, మళ్ళీ నీలం. పిన్ని టీచరు కిటికీ దగ్గర నించుని అటు చూడనట్టే ఊరుకుంది. కాసేపటికి వెనక నుంచి తడబాటు పోయింది. గదిలో మిగతా పిల్లల భుజాలు వాటంతటవే కదలడం మొదలుపెట్టాయి.

"సార్‌ది వాయిస్తే మెడ బిగుసుకుంటోంది," అంది మొండిఘటం కడకి. "దీనికి అదే ఊగుతోంది. నేను ఊపడం లేదు టీచర్, ఒట్టు."

ఆ రోజు నుంచి పిన్ని టీచరు తప్పుల్ని సరిచెయ్యాల్సిన పనే లేకపోయింది. ఎవరి చెయ్యి దెబ్బ మీద పడినా మొండిఘటం కన్నెర్రజేసేది.

శుక్రవారం సాయంత్రం అక్క ఇంట్లో భోజనాల బల్ల దగ్గర బావగారు మెత్తబడ్డాడు. మెత్తబడితే ఆయన ఇంకా ప్రమాదం. అన్నం కలుపుతూ, "మరదలా, నేనేం పగవాణ్ణా? ఒక్క సాయంత్రం నా మాట నిలబెట్టు. రేపు దెబ్బ మీద వాయించనీ. ఆ తర్వాత నీ గది, నీ తలుపు, నీ ఖాళీలు. నేను ఆ మెట్లే ఎక్కను," అన్నాడు.

"ఒప్పుకోవే," అంది అక్క, కంచంలోకి చూస్తూ. "గది మిగులుతుంది కదా."

నిజమే కదా అనిపించింది పిన్ని టీచరుకి. పది నిమిషాల పాట. గది పోతే ఈ పిల్లల్ని కోచింగులో వెనక బెంచీ మీద కూలేస్తారు, ఆలస్యం ఆలస్యం అని మళ్ళీ నూరిపోస్తారు. దానికంటే ఇదే నయం కదా. మింగలేక కక్కలేక ఆమె చెయ్యి కడిగేసుకుని లేచిపోయింది.

శనివారం పొద్దున పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పింది. "సార్ చెప్పినట్టు వాయిస్తే గది మనకుంటుంది. మనది మనం వాయిస్తే పోవచ్చు. నాకేం పాలుపోవడం లేదర్రా. మీరే చెప్పండి."

పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. మొండిఘటం గోరు కొరుక్కుంటూ అడిగింది. "గది పోతే కార్డులు మర్చిపోతామా?"

"మర్చిపోరు."

"మరి దెబ్బ మీద వాయించి గది ఉంచుకుంటే, గదిలో ఏం వాయిస్తాం? రేపింకో సభ పెడతారు కదా సార్."

ఇంతెత్తు లేని పిల్లకి తట్టింది తనకి తట్టనందుకు పిన్ని టీచరుకి సిగ్గేసింది. ఆ పిల్లని చూసి ఛాతీ కూడా ఉప్పొంగింది. ఆ తర్వాత ఆమె ఇంక ఏం అడగలేదు.

సాయంత్రం హాలు కిటకిటలాడిపోయింది. ప్లాస్టిక్ కుర్చీలు చాలక గోడలవెంట నిలబడ్డారు జనం. స్టేజి తెర సగంలో ఇరుక్కుంటే ప్యూను చేత్తో లాగాడు. పిల్లలు కీబోర్డుల ముందు కూర్చున్నారు, స్పీకర్లో డ్రమ్ము మొదలైంది, బేసు నేలని వణికించింది. మొండిఘటం కాలు పైకెత్తింది. కార్డు పడింది, ఖాళీలో.

పాట నాలుగు ఆవర్తాలు తిరిగేసరికి ముందువరసలో కూర్చున్న బావగారి మెడ ఎర్రబడింది. ఆయన దృష్టిలో ఇంతకంటే ఘోరం లేదు. తను దిద్దిన పిల్లలు, తన బడి, తన జనం, అన్నీ తాళం తప్పాయి. లేచాడు. సౌండ్ పెట్టె దగ్గరికెళ్ళి, పిల్లలు ఆ గోలలో తికమకపడుతున్నారనుకుని డ్రమ్ము, బేసు మొత్తం తగ్గించేశాడు. స్టేజి ముందుకొచ్చి నిలబడి, చేతులు పైకెత్తి, చప్పట్లు మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, ఒకటి, రెండు. నా చేతులు చూడండి, వీటి మీద వాయించండి అన్నట్టు కళ్ళెగరేశాడు. వెనక తల్లిదండ్రులు కూడా అందుకున్నారు. సెక్రటరీగారే కొడుతుంటే ఊరుకుంటారా. హాలు హాలంతా ఒక్క చప్పట్టయింది.

స్టేజి పక్కన తెర చాటున నిలబడ్డ పిన్ని టీచరు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుంది. పెద్ద వాయిద్యగాళ్ళే జనం చప్పట్లకి కొట్టుకుపోతారు, వీళ్ళెంత. అనుకున్నంతా అయింది. బుడంకాయ్ చెయ్యి జారి చప్పట్టు మీద పడింది. వాడి పక్కపిల్లది పడింది. ఇంకొకళ్ళది. ఒక్కో చెయ్యీ కవాతులోకి వెళ్ళిపోతోంది. అరిచి చెబుదామంటే ఆ మోతలో ఎవరికి వినపడుతుంది.

అప్పుడు మొండిఘటం చెయ్యి తీసేసింది. వాయించడం మానేసి సెక్రటరీ సార్ అరచేతుల్నే రెప్పవెయ్యకుండా చూసింది. చూసి చూసి, ఆయన చప్పట్టు పడ్డప్పుడే సరిగ్గా తన కాలు స్టేజి చెక్కల మీద ధబ్‌మని వేసింది. మళ్ళీ వేసింది. ఆయన చప్పట్టుని కాలికి తొడుక్కుంది. కాలు లేచింది. ఆ లేచినప్పుడు చెయ్యి పడింది.

మిగిలిన పిల్లలు ఆ కాలు చూశారు. ఒకదాని తర్వాత ఒకటి కాళ్ళు కలిశాయి, చేతులు వెనక్కి వచ్చాయి, ఆఖరున బుడంకాయ్‌ది కూడా. జనం చప్పట్లన్నీ ఒకవైపు, పిల్లల కార్డులన్నీ వాటి నడుమ. బావగారు మండిపడి ఇంకా గట్టిగా కొట్టాడు. ఆయన ఎంత గట్టిగా కొడితే పాట అంత బాగా నిలబడింది. అంతటి గట్టి డ్రమ్ము ఆ స్పీకర్లో కూడా లేదు. హాలు ఊగడం మొదలైంది. గోడవారనున్న ఒక ముసలాయన చేతికర్ర తాటిస్తూ తలాడించాడు. కొడుతున్న చేతులు ఆపితే పాట తనవల్లే ఆగిపోయినట్టుంటుంది, ఆపకపోతే వాళ్ళకి తనే సాయం. బావగారు చెమటలు కక్కుతూ చివరిదాకా కొట్టాడు.

పాట అయిపోయాక హాలు దద్దరిల్లింది. బావగారు గండాన్ని గడుసుగా దాటేశాడు. మైకు అందుకుని, "చూశారుగా. పిల్లలు దారి తప్పారు. నేను తాళం ఇచ్చి సర్దాను. ఇకముందు ఈ క్లాసు నా పర్యవేక్షణలోనే జరుగుతుంది," అన్నాడు. జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు. స్టేజి కింద నుంచి అక్క చెల్లెలి వైపు చూసింది. ఊరుకో, గది దక్కింది, అంటున్నాయి ఆ కళ్ళు.

ఊరుకోవడానికి పిన్ని టీచరు సిద్ధపడింది కూడా. ఈలోగా మొండిఘటం లేచి నిలబడింది.

"సర్దలేదు సార్. మీరు మా కాలు. చెయ్యి మాది."

మైకు లేకపోయినా ఆ గొంతు వెనక కుర్చీల దాకా వెళ్ళింది. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. బావగారు, "కూర్చో," అన్నాడు. అది కూర్చోలేదు. పిన్ని టీచరు వైపు తిరిగింది. ఆ పిల్లని కూర్చోమంటే గది ఉంటుంది. ఆ సంగతి అక్కడ ముగ్గురికీ తెలుసు. పిన్ని టీచరు స్టేజి మధ్యకి వచ్చింది.

"అది చెప్పింది నిజం బావా. అనుమానముంటే చేతులు కట్టుకుని వినండి. పిల్లలూ, చప్పట్లు లేవు, స్పీకరు లేదు. మీ కాళ్ళతో మీరు వాయించండి."

వాయించారు. ధబ్‌మన్న కాళ్ళ మధ్య కార్డులు చిన్నచిన్నగా, పొడిపొడిగా, ఒక్కటీ తప్పకుండా పడ్డాయి. హాలంతా వింది. బావగారు కూడా విన్నాడు. ఎంతైనా డ్రమ్ము వాయించిన చెవి కదా, దానికి అర్థమైందని ఆయన మొహంలోనే తెలిసిపోయింది. అర్థం కావడం వేరు, పదిమందిలో ఒప్పుకోవడం వేరు. పాట ఆగగానే మైకు మళ్ళీ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"పెద్దల మాటంటే లెక్కలేని క్లాసు నా బడిలో అక్కర్లేదు. సోమవారం నుంచి అది లెక్కల గది."

పిన్ని టీచరుకి గది కళ్ళముందు మెదిలింది. పోయింది. తన చేతులతో తనే పోగొట్టింది. పిల్లల మొహాలు చూడలేక తల దించుకుంది. అందుకే అక్క ఎప్పుడు లేచిందో, ఎప్పుడు స్టేజి మీదికొచ్చిందో ఆమె చూడలేదు. మొగుడి చేతిలోంచి మైకు తీసుకుంటుండగా వైరు బరబరలాడిన శబ్దానికి తలెత్తింది.

"గది మీ ఇష్టం," అంది అక్క. ఇన్నేళ్ళ కాపురంలో నలుగురి ముందు ఆయన మాటకి ఎదురు చెప్పని మనిషి. మైకు నోటికి ఇంకా దగ్గరగా తెచ్చుకుంది. "మ్యూజిక్ క్లాసు ప్రిన్సిపాలు గదిలో జరుగుతుంది. నా గదిలో. ఎవరైనా అభ్యంతరం చెప్పాలనుకుంటే తలుపు కొట్టి లోపలికి రావాలి."

"నీకు మతి పోయిందా?" అన్నాడు బావగారు నెమ్మదిగా.

"ఊరుకోండి," అంది అక్క.

పిల్లలు సోమవారం దాకా ఆగలేదు. కీబోర్డులెత్తుకున్నారు. వైర్లు మెడలో వేసుకున్నారు. స్టేజి దిగి, కుర్చీల మధ్య సందులోంచి వరసగా ప్రిన్సిపాలు గదివైపు బయలుదేరారు. అందరికంటే ముందు మొండిఘటం, కీబోర్డు నెత్తిన పెట్టుకుని. బావగారు గబగబా స్టేజి దిగి వెళ్ళి, హాలు తలుపు దగ్గర చేతులు చాపి అడ్డంగా నిలబడ్డాడు. ఆ పిల్ల ఆయన ముందుకెళ్ళి ఆగింది. తగ్గలేదు, గొంతూ పెంచలేదు.

"బరువుగా ఉంది సార్. కొంచెం జరగండి."

ఆయన భార్య వైపు చూశాడు, మరదలి వైపు చూశాడు, తనవైపే చూస్తున్న హాలు వైపు చూశాడు. జరిగాడు.